బోణీ కాని మంచు

మంచు మీద జారడానికి ఆడబిడ్డను వెంటబెట్టుకుని వెళ్ళిన మనిషిని ఈ దేశంలో నేనొక్కదాన్నే అయ్యుంటాను. కావాలని తీసుకెళ్ళలేదు. నా మోకాలికి కాపలాగా మా ఆయన పంపించాడు.

కోలారులో ఎముకల డాక్టరు ఆ మోకాలిని అటూ ఇటూ వంచి చూసి, ఈ ఒక్క చలికాలానికి ఎట్లాగో ఓర్చుకుంటుందనీ, ఆ తర్వాత మాత్రం మెట్లెక్కడానికి తప్ప దేనికీ దాన్ని నమ్ముకోవద్దనీ చెప్పాడు. అయితే ఈ ఒక్కసారి మాత్రం దేనికన్నాడు మా ఆయన. వెళ్ళి తీరతానన్నాను. కొన్నాళ్ళు ఇంట్లో మాటల్లేవు. చివరికి బూదికోటలో ఉండే మా వదిన, అంటే ఆయన పెద్దక్క, నాకు తోడు వచ్చేట్టు రాజీ కుదిరింది. ఆమెకు అరవై దాటాయి. మంచును ఫ్రిజ్జులో తప్ప ఎక్కడా చూసి ఎరగదు. నేను పడితే ఆమె నన్ను లేపుతుందో, ఆమె జారితే నేను ఆమెను మోయాలో ఎవరూ ఆలోచించలేదు.

మాది కేజీఎఫ్‌లో, రాబర్ట్‌సన్‌పేట బజారులో, బియ్యం పప్పుల అంగడి. పెళ్ళయి వచ్చిన కొత్తలోనే నన్ను గల్లా దగ్గర కూర్చోబెట్టారు. అంగళ్ళు నడిపే ఇళ్ళలో ఒక పద్ధతి ఉంది, బయటివాళ్ళకు తెలీదు. మెట్టు మీద గిరాకీ నిలబడి ఉండగా ఇంటికని గింజ కూడా కొలవకూడదు. ముందు బయటివాళ్ళు, అందరూ అయ్యాక ఇంటివాళ్ళు. అప్పటికి బస్తాలో ఏం మిగిలి ఉంటుంది? అడుగున నూకలు. పప్పయితే పుచ్చినవి, బెల్లమయితే నలిగిన పొడి, టెంకాయలయితే ఎవరూ ఏరుకోని పగుళ్ళవి. బియ్యం అంగడి కోడలు గదా, రోజూ సన్నబియ్యం అన్నమే తింటుందని వీధిలో ఆడవాళ్ళు అసూయపడేవాళ్ళు. నేను తిన్నంత నూకల ఉప్మా ఆ వీధిలో ఇంకెవరూ తిని ఉండరు.

అయిదారేళ్ళ కిందట మా వీధి ఆడవాళ్ళందరం కలిసి కాశ్మీరు చూడ్డానికి వెళ్ళాం. గుల్మార్గ్‌లో అందరూ అద్దె బొచ్చుకోట్లు తొడుక్కుని ఫోటోలు దిగుతుంటే, ఊరికే నిలబడలేక నేను స్కీలు కట్టించుకున్నాను. చిన్న వాలు, మా బజారు వీధి అంత పొడవు కూడా ఉండదు. జారాను. కింద ఆగేసరికి నాకు ఊపిరి అందలేదు. భయం వల్ల కాదు, సంతోషం వల్ల. గల్లా ముందు కూర్చుని కూర్చుని రాయిలా అయిపోయిన ఒళ్ళు ఇంత తేలిగ్గా కదులుతుందని నాకు ఎవరూ చెప్పలేదు. ఆ తర్వాత ప్రతి చలికాలమూ వెళ్ళి నేర్చుకుంటూ వచ్చాను. కాళ్ళలో బలం కోసం కోలారు అంతరగంగ కొండ మెట్లు ఎక్కీ దిగీ, ఎక్కీ దిగీ, ఈ మోకాలిని పాడుచేసుకున్నదీ అందుకే.

ఇంగ ఊళ్ళో మాటలు చెప్పనక్కర్లేదు. మా ఊళ్ళో గనుల వాళ్ళు బంగారం తీసేసుకుని పారబోసిన తెల్లమట్టి దిబ్బలున్నాయి. సైనైడు దిబ్బలంటాం. గాలికాలం వస్తే ఆ పొడి లేచొచ్చి కందిపప్పు మీద పరుచుకుంటుంది, దాన్ని దులపడానికే సగం పొద్దు సరిపోతుంది. నేను కొత్త పొడి మంచు గురించి ఎవరికైనా చెప్పబోతే చాలు, అంత దూరం పోవడమెందుకు, దిబ్బ మీద జారరాదా అని నవ్వడమే. ఆ మాట మొదట అన్న మనిషికి అది కొత్తగా తోచి ఉంటుంది. వీధిలో ప్రతివాళ్ళూ తామే మొదట అన్నామనుకుని అంటుంటే ఎంత విసుగో మీరే ఊహించుకోండి.

నిజానికి మంచు అంతా ఒకటి కాదు. రోజూ జనం జారిన మంచు గట్టిపడి గీతలు పడి ఉంటుంది, కాలు పెడితే కరకరమంటుంది. రాత్రంతా కురిసి తెల్లారేసరికి మోకాలి లోతు పరుచుకున్న మంచు అట్లా కాదు. అందులో చప్పుడుండదు. బరువుండదు. అయితే దాని మీద మొదట దిగిన మనిషికి దొరికేది రెండో మనిషికి దొరకదు. పదిమంది దిగాక అదీ మామూలు మంచే. గుల్మార్గ్ కొండ పైభాగం నిటారుగా ఉంటుంది, అక్కడ జారేంత ఒడుపు నాకు పోయినేడాదికి వచ్చింది. కానీ నేను వెళ్ళిన ప్రతిసారీ అయితే మంచు పాతదై ఉండేది, కాకుంటే పైదాకా వెళ్ళే కేబుల్ కారు ఆపేసేవాళ్ళు. ఇప్పుడు మిగిలింది ఈ ఒక్క చలికాలం. నాకు కావలసింది ఒక్కటే. ఎవరూ తొక్కని మంచులో, అందరికన్నా ముందు, ఆ నిటారు వాలు మీద పైనుంచి కిందికి ఒక్కసారి. బతుకులో ఒక్కటైనా బస్తా పైభాగంలోది కావాలనిపించింది.

మేం గుల్మార్గ్ వెళ్ళాక కొన్నిరోజులు ఆకాశం నీలంగా, నిక్షేపంలా ఉంది. నేను కిటికీలోంచి ఆ ఎండను తిట్టుకుంటూ కూర్చుంటే వదిన హోటలు వంటవాడికి చారు పెట్టడం నేర్పింది. చింతపండు మన ఊరి నుంచి మూటగట్టుకొచ్చింది. చీర కింద ఉన్ని పాంటు, నెత్తిన కోతి టోపీ, కాళ్ళకు రబ్బరు బూట్లు. హోటల్లో అందరికీ ఆమె తెలిసిపోయింది, నన్ను ఆమె తమ్ముడి భార్యగా గుర్తుపట్టేవాళ్ళు. స్కీ నేర్పిన గైడు, గడ్డం నెరుస్తున్న పెద్దమనిషి, రోజూ వచ్చి నాకు వాలుల గురించి కాక ఆమెకు తన కూతురి పెళ్ళి గురించి చెప్పి పోయేవాడు.

చివరి రోజుకు ముందురాత్రి కురిసింది. పొద్దున్నే తలుపు తీస్తే మెట్లు కనబడలేదు. నేను చిన్నపిల్లలా చేతులు చరిచాను. నాష్టా చేస్తుండగా పైన ఎక్కడో ధనామని ఒక చప్పుడు, నేల అదిరింది. వదినా నేనూ ఒకేసారి కుర్చీల్లోంచి లేచి వాకిట్లోకి పరుగెత్తాం. గనులు నడిచే రోజుల్లో లోపల బండ పగిలితే మా ఊరంతా ఇట్లాగే అదిరేది, ఆడవాళ్ళందరూ వీధిలోకొచ్చి నిలబడేవాళ్ళు. ఆ అలవాటు ఎముకల్లో ఉండిపోయింది. వెనక్కి చూస్తే హోటల్లో జనం నెమ్మదిగా ఆమ్లెట్లు తింటున్నారు. గైడు వచ్చి, వదులు మంచు జనం మీద పడకుండా ముందే పేలుడు మందు పెట్టి దించేస్తారని చెప్పాడు. వాలు ఇంకాసేపట్లో తెరుస్తారు, కేబుల్ కారు మొదటి పెట్టెలో ఎక్కితే మీరే ముందు దిగొచ్చు అన్నాడు.

ఆ మాట నాకు మాత్రమే చెప్పి ఉండకూడదా. వదిన విన్నది.

"అంటే ఆ మంచుకు ఇంగా బోణీ కాలేదా?" అని అడిగింది.

మా వదిన హస్తవాసి గురించి ఇక్కడ చెప్పక తప్పదు. ఆమె చేత్తో బోణీ అయితే ఆ అంగడికి ఎదురుండదని మా కోమట్లలో ఒక నమ్మకం. ములబాగిలులో గుడ్డల అంగడి తెరిచినా, నంగలిలో వెల్లుల్లి మండీ పెట్టినా, మాలూరులో నగల అంగడికి పూజ చేసినా, కారు పంపించి ఆమెను పిలిపించుకుంటారు. ఆమె కుడికాలు పెట్టి లోపలికి వచ్చి ఏదో ఒకటి కొంటుంది, అంతే. దానికామె గర్వపడదు, అదొక బాధ్యత అనుకుంటుంది. అందుకే తొక్కని మంచు కొండ నిండా ఉందని వినగానే ఆమెకు కాళ్ళాగలేదు. తాను పైకొచ్చి నాకు బోణీ చేసి పంపిస్తానంది. అంత ఎత్తున ఊపిరాడదన్నాను. జారితే పట్టుకోలేనన్నాను. నెత్తీ నోరూ కొట్టుకున్నాను. ఆమె కుంకుమ పొట్లం కొంగున ముడేసుకుని నాకన్నా ముందు వాకిట్లో నిలబడింది. వాదిస్తే మొదటి పెట్టె పోతుందని నేనే నోరు మూసుకున్నాను.

మొదటి పెట్టె దొరికింది. పైన దిగితే ఎదురుగా ఆ వాలు, ఒక్క గీత లేకుండా, కిందికంటా తెల్లగా పరుచుకుని ఉంది. అంత అందమైనదాన్ని నేను ఇంతవరకు చూడలేదు. స్కీలు కింద పెట్టి బూటును స్కీలోకి నొక్కాను. పట్టలేదు. బూటు అడుగున మంచు గడ్డకట్టుకుపోయింది. గైడు మోకాళ్ళ మీద కూర్చుని కత్తితో గీకడం మొదలుపెట్టాడు. అదిగో, ఆ కాసేపట్లో జరిగింది అంతా.

రెండో పెట్టెలో బెంగళూరు పిల్లలు దిగారు. చీరలో, కోతి టోపీలో, వాలు అంచున కుంకుమతో నిలబడ్డ ముసలమ్మను చూసి కన్నడంలో ఏం చేస్తున్నారజ్జీ అని అడిగారు. ఈమె కన్నడంలోనే పూసగుచ్చినట్టు చెప్పింది. అయితే మాకూ చెయ్యండి అన్నాడు ఒకడు సరదాకి. బోణీ అడిగిన మనిషిని వదిన తన జన్మలో కాదనలేదు. కుడికాలు ముందుకు పెట్టి, దోసెడు మంచు తీసి కళ్ళకద్దుకుని, వాడి చేతిలో పెట్టి, వాడి నుదుట ఒక చుక్క పెట్టింది. వాడు కేక పెట్టి దూకాడు. నా వాలు మీద, నా మంచులో, మొదటి గీత. దాని వెనక ఇంకోడు. ఆ వెనక ఇంకోడు.

వదినా ఆపండి అని అరిచాను. ఆమె తిరిగి చూడకుండానే, "ఉండమ్మా, గిరాకీ నిలబడి ఉండాది, వాళ్ళది అయిపోనీ" అంది.

మూడో పెట్టెలో ముంబై జంట. ఆపైన తెల్లవాళ్ళు కొందరు. అందరూ ఇదేదో ఇక్కడి ఆచారం కాబోలనుకున్నారు. వరసగా వంగి నుదుళ్ళు పట్టారు, ఫోటోలు తీసుకున్నారు, దిగిపోయారు. నేను ఒంటికాలి మీద నిలబడి పళ్ళు నూరుకుంటున్నాను. సరిగ్గా అప్పుడే జేబులో ఫోను మోగింది. మా ఆయన. ఇంగువ డబ్బాలు యాడ పెట్టినావు, మాస్తి నుంచి గిరాకీ వచ్చి ఉండాది అంటున్నాడు. ఆ క్షణంలో ఆయన ఎదురుగా ఉంటే స్కీ కర్రతో ఏం చేసేదాన్నో నాకే తెలీదు. ఎడమవైపు పై అరలో అని చెప్పాను, పైగా మెల్లగా చెప్పాను. ఆ మెల్లదనం మీద ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

బూటు టక్కున పట్టేసరికి వాలు పోయింది. సంత విడిచిన మైదానంలా ఉంది. వదిన తృప్తిగా చేతులు దులుపుకుని, అందరూ క్షేమంగా దిగారు, ఇంక నీ వంతు రా అంది.

నాకు ఏడుపు ముంచుకొచ్చింది. ఆ చలికి కన్నీళ్ళు రెప్పలకే అతుక్కుపోతున్నాయి. మా అత్తింట్లో గొంతెత్తి ఒక్క మాట అనని దాన్ని, ఆ రోజు అంత జనంలో అన్నాను.

"వదినా, ముప్ఫై ఏండ్లుగా మీ ఇంట్లో నూకలు తింటా ఉండాను. ఒక్క మాటన్నా అన్నానా? ఇది కూడా నాకు అడుగుదే పెడతారా?"

ఆమె కుంకుమ వేళ్ళను కొంగుకు తుడుచుకుంటూ నా వైపు చూసింది. నాకు మాట తూలానన్న బాధ లేదు, ఇంకా అనాలనే ఉంది. గైడుకు తెలుగు రాకపోయినా విషయం అర్థమైనట్టుంది. ఎడమవైపు చూపించాడు. రెండు బండల మధ్య సన్నటి వాలు ఒకటి ఉంది, ఈ పెద్దదానికన్నా నిటారు. అడ్డంగా తాడు కట్టి ఉంది. మంచు నిలుస్తుందో లేదో కొండ కాపలావాళ్ళు చూసుకుని కాసేపట్లో తాడు తీస్తారు, అక్కడ మొదట నిలబడండి అన్నాడు. మోకాలి సంగతేమిటని అడిగాడు.

తాడు దాకా వెళ్ళి నిలబడ్డాను. ఎంతసేపో తెలీదు, వేళ్ళు మొద్దుబారాయి. వెనక్కి చూస్తే వదిన మంచులో తొడల దాకా దిగబడుతూ, చీర పైకి చెక్కుకుని, నా వెనకే వస్తోంది. అక్కడే ఉండమని సైగ చేశాను. ఎప్పుడైనా విన్నదా? రొప్పుతూ వచ్చి నా పక్కన నిలబడింది. ఆలోగా ఈ తాడు సంగతి ఎట్లా తెలిసిందో గానీ మా వెనక మనుషులు చేరడం మొదలైంది. నా వెనకే ఒక అమ్మాయి, ఇరవై ఏళ్ళుంటాయేమో, పెదాలు నీలంగా మారి వణుకుతోంది.

కాపలావాడు వచ్చి తాడు విప్పాడు. చెయ్యి ఊపాడు.

నా కాళ్ళ ముందు ఎవరూ తాకని మంచు. ఆ పిల్ల మర్యాదగా, మీరు వెళ్తున్నారా ఆంటీ అని అడిగింది. అంతే అడిగింది. నా ఒళ్ళు దానంతట అదే పక్కకు జరిగింది. నా నోరు దానంతట అదే, మీరు కానివ్వండమ్మా అనేసింది. ఏ భాషలో అన్నానో కూడా గుర్తులేదు. ఇందాక వదిన మీద అంత గొంతు చించుకున్న మనిషిని, నేనే, గల్లా దగ్గర కూర్చున్నట్టు నవ్వు మొహం పెట్టి దారి ఇచ్చాను. ఆ పిల్ల థాంక్యూ అని ముందుకు జరిగింది. నన్ను నేను చెంప మీద కొట్టుకోవాలనిపించింది, చేతులు కూడా లేవలేదు.

వదిన ఆ పిల్ల స్కీ కర్ర పట్టుకుంది.

"ఆగమ్మా. అంగడి కట్టేసినాము" అంది.

ఆ పిల్లకు తెలుగు రాదు. కానీ ఆగిపోయింది. ఆ గొంతుకు ఎవరైనా ఆగుతారు. వదిన నా వైపు తిరిగి, "నువ్వు పో" అంది.

నేను మొద్దులా నిలబడ్డాను. ఇప్పుడు తల్చుకుంటే సిగ్గేస్తుంది గానీ, మీరు ఇంకా చెయ్యి పెట్టలేదు గదా వదినా అన్నాను.

"నా చెయ్యి ఏంటికి? ఇది నీ బోణీ."

వెళ్ళాను. మొదటి మలుపులో మంచు నడుము దాకా లేచి మొహం మీద పడింది, నోట్లోకి పోయింది, ఏమీ కనబడలేదు. రెండో మలుపుకు కాళ్ళకు తెలిసింది. వాలు ఎంత నిటారో భయపడ్డానికి తీరిక లేదు. ఒక్కో మలుపుకూ కింద నేల లేనట్టు దిగబడి, మళ్ళీ మంచే మెల్లగా పైకి ఎత్తేది. చప్పుడు లేదు. నా ఊపిరి తప్ప కొండ మీద ఏమీ వినబడలేదు. సగం దిగాక మోకాలిలో సూది గుచ్చినట్టయింది, ఆపైన ప్రతి మలుపుకూ గుచ్చింది. ఆగితే మళ్ళీ కదలనని తెలుసు. గుచ్చనీ అనుకున్నాను. దిగినంతసేపు నోరు తెరిచి నవ్వుతూనే ఉన్నాను, పళ్ళు జివ్వున లాగాయి.

కింద చదును దగ్గర ఆగలేదు, పడ్డాను. మోకాలు ఇంక లేవనంది. మంచులో కూర్చునే పైకి చూశాను. రెండు బండల మధ్య, పైనుంచి నా కాళ్ళ దాకా, ఒకే ఒక గీత. మెలికలు కూడా సరిగ్గా లేవు. నాది.

దాని మీద ఇంకెవరూ దిగడం లేదు. ఎందుకు దిగడం లేదా అని కళ్ళకు చెయ్యి అడ్డం పెట్టి చూశాను. కొండ అంచున వదిన రెండు చేతులూ బారచాచి, వాలుకు వీపు పెట్టి, జనానికి ఎదురుగా నిలబడి ఉంది. ఆమె ముందు పెద్ద వరస. కాపలావాడు ఏదో చెబుతున్నాడు. ఆమె కదలడం లేదు. మధ్య మధ్య తల తిప్పి నేను ఎంతదాకా వచ్చానో చూసుకుంటోంది. మెట్టు మీద నిలబడ్డ గిరాకీని ఆమె ఆపగా నేను ఏనాడూ చూడలేదు. నేను కర్ర ఎత్తి ఊపాక గానీ ఆమె చేతులు దించలేదు.